అలుగు కింది చాప

“ఆ గుప్పిట్ల ఏమున్నదో జర తెరిచి సూపెట్టుండ్రి. గంతే. సూసి పోత.”

గౌరయ్య వాకిట్లో నిలబడి ఈ మాట అనడం ఇది మూడోసారి. గడప మీద అడ్డంగా పరిచిన వేపమండలకు అవతలే ఉన్నాడు. తల్లి కొలువున్న ఇంటి గడప దాటేంత తెలివితక్కువవాడు కాడు. అలాగని వెనక్కి మళ్లే మనిషిలాగానూ లేడు. చెరువు కట్ట కింద నలభై గడపల బెస్తవాడకు పెద్ద. ఆ సంగతి అతని చేతికర్రకు కూడా తెలుసునేమో, నేలకు తాకిన ప్రతిసారీ కాస్త గట్టిగానే తాకుతోంది.

లోపల వేపాకు పరిచిన బొంత మీద నాలుగేండ్ల మైసి కూర్చుని ఉంది. అయిదు రోజులుగా ఆమెను మైసి అని ఎవరూ పిలవడం లేదు. ఒంటి మీద ఆటలమ్మ పోసిన నాటి నుంచి ఇంటిల్లిపాదికీ ఆమె ‘తల్లి’. కన్నవాళ్లు కసరకూడదు. అడిగింది కాదనకూడదు. ఆమె నోట ఏ మాట వచ్చినా అది అమ్మవారి మాటే. అవ్వ సైతం పొద్దున్నే మనుమరాలికి దండం పెట్టాకనే పొయ్యి రాజేస్తోంది. నాలుగేండ్ల వయసులో అంత పెద్ద నౌకరీ మరెవరికీ దొరికి ఉండదు. దొరికినా ఇంత దురద పెట్టే నౌకరీ మాత్రం కాదు.

వీపు నిండా, పొట్ట నిండా నీటిబుగ్గల్లాంటి పొక్కులు. కొన్ని ఎండి పక్కు కట్టాయి. కొన్ని ఈ తెల్లవారే లేచాయి. కుడి గుప్పిటను మాత్రం కన్నతల్లి జంగమ్మ తన రెండు చేతుల మధ్య దాచిపెట్టుకుని కూర్చుంది.

“తమ్మీ, పోరి గుప్పిట్ల ఏముంటది? శామీర్‌పేట చెర్వుంటది.” అరుగు మీద నుంచి అన్నాడు జంగమ్మ మామ లచ్చయ్య. “నువ్వు తెరిపిస్తె వాడంత మునుగుతది. ఎందుకొచ్చిన తిప్పలు, ఇంటికి పో.”

మామూలు రోజైతే గౌరయ్య నవ్వేవాడే.

“నవ్వులాటకు రాలే లచ్చన్నా. నిన్న పొద్దుగూకినంక సల్ల తెచ్చిచ్చిన శివమ్మ జూసింది. అరచేతుల ఇంత బుగ్గ ఉన్నదంట. ఆటలమ్మ పొట్టకొస్తది, వీపుకొస్తది. అరచేతులకు రాదు. అరచేతులకొచ్చేది పెద్దతల్లే.”



పెద్దతల్లి అంటే మశూచి. ఆ వాడకు వేరే చెప్పనక్కరలేదు. చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగుకు అవతల, వాగు ఒడ్డున తాటాకుల గుడిసె ఒకటి వేశారు. కిందటి వారం అలియాబాదు నుంచి ముగ్గురు పిల్లల్ని తెచ్చి అందులో పడుకోబెట్టారు. ఇప్పుడు అక్కడ ఇద్దరే ఉన్నారు. ఒకప్పుడు పెద్దతల్లి పోసి బతికి బయటపడ్డవాళ్లు తప్ప ఇంకెవరూ ఆ గుడిసెలో అడుగు పెట్టకూడదు. జంగమ్మకు ఎన్నడూ పోయలేదు. పిల్లను పంపితే ఒంటరిగా పంపాల్సిందే.

ఆటలమ్మ మరో వారంలో దిగిపోతుంది. ఆటలమ్మ పోసిన పిల్లను తీసుకుపోయి పెద్దతల్లి పోసిన పిల్లల పక్కన పడుకోబెడితే దిగేది ఏమిటో, ఎక్కేది ఏమిటో జంగమ్మకు చక్కగా అర్థమైంది. అందుకే ఆమె చేతులు బిగుసుకుపోయాయి.

“అమ్మా, నొస్తాంది,” అంది మైసి.

జంగమ్మ చప్పున చేతులు సడలించింది.

“నాకు గూడ మనుమడున్నడు లచ్చన్నా,” అన్నాడు గౌరయ్య, ఈసారి కర్ర ఆడించకుండా. “తల్లి పోసే ముంగటి దినం దాంక గీ వాకిట్లనే ఆడిండు. నాకు నిద్ర వడ్తలేదు. నలభై ఇండ్ల పిల్లలున్నరు. కాదంటె కాదని తేలిపోవాలె. పల్లె పొలిమేర తిరిగొస్త. నేనొచ్చేవరకు మీరు మీరు మాట్లాడుకోండ్రి.”

అతను కట్ట వైపు వెళ్లాడు. 

లచ్చయ్య అరుగు దిగి వచ్చి మనుమరాలికి కొంచెం దూరంలో గొంతుక్కూర్చున్నాడు.

“ఏం తల్లీ, గోక్కున్నవా?”

“గోక్కోలే.” మైసి రెండో చేతిని చంకలో దాచుకుంది. “చాప ఏమంటున్నది తాతా?”

ఈ చాప సంగతి, అంటే చేప సంగతి, చెప్పకుండా ముందుకు పోవడం లచ్చయ్యకు అన్యాయం చేసినట్టవుతుంది. అలుగు కింది మడుగులో ఒక చాప ఉంది. దాని ముక్కుకు బంగారు నత్తు ఉంది. లచ్చయ్య పడుచుదనంలో ఒకసారి దాని మీద వల విసిరితే, అది వలనూ లచ్చయ్యనూ కలిపి మేడ్చల్ దాకా ఈడ్చుకుపోయి, అక్కడ స్టేషన్లో ఆగిన రైలును చూసి, తనకంటే పొడుగ్గా ఉందని సిగ్గుపడి మళ్లీ తెచ్చి దింపేసింది. చెరువుకూ మేడ్చల్‌కూ నడుమ వాగు లేదు కదా అని ఎవరైనా అడిగితే “నాడు ఉండె” అనేవాడు లచ్చయ్య. అబద్ధమన్నవాడితో ఆరు నెలలు మాట్లాడేవాడు కాదు. ఏటేటా ఆ చాపకు నాలుగు మూరలు పెరిగే అలవాటు కూడా ఉంది.

ఈ అయిదు రోజుల్లో దానికి కొత్త గుణం ఒకటి పుట్టుకొచ్చింది. ఒళ్లు గోక్కోని పిల్లలను అది వీపు మీద ఎక్కించుకుని చెరువంతా తిప్పుతుంది. ఒంటి మీద గోటి గీత ఒక్కటి కనబడినా మునిగిపోతుంది. పిల్ల చేతులకు గుడ్డపేలికలు కట్టిచూశారు, వేపరెమ్మతో నిమిరిచూశారు. ఏదీ చాపంత పని చేయలేదు. దురద ఆగనప్పుడు మైసి పళ్లు బిగబట్టి చేతులు చంకల్లో పెట్టుకుని కళ్లనీళ్లు కారుస్తూ కూర్చునేది గాని గోక్కునేది కాదు.

“చాపనా? నీ కోసమే వీపు తోముకుంటున్నదంట,” అన్నాడు లచ్చయ్య. గొంతులో ఎప్పటి జోరు లేదు.

జంగమ్మ మగడు ఇస్తారి పెరటి గుమ్మంలోంచి వచ్చాడు. భార్య ముఖంలోకి చూడకుండా అడిగాడు.

“ఏందే అది?”

“ఏది?”

“అరచేతులది.”

జంగమ్మ పిల్ల గుప్పిటను కొంగు కిందికి లాక్కుంది.

“పొక్కేనా?”

కొంగు ఇంకో మడత కప్పింది.

“నోట్ల మన్ను వోసుకున్నవా? అడుగుతున్న గదా!”

“ఒర్రకురా,” అంది పొయ్యి దగ్గర కూర్చున్న జంగమ్మ అత్త సాలమ్మ, తల తిప్పకుండానే. “తల్లున్న ఇంట్ల లొల్లి వెట్టొద్దు.”

“నేను మేడ్చల్ పోత అవ్వా. టీకాలేసేటాయనకు అన్ని ఎర్కుంటయి. బండి కట్టుకొని తోలుకొస్త. ఆయన జూసి చెప్తె గౌరయ్య చిన్నాయిన గూడ ఒప్పుకుంటడు.”

“గాయన సూది పట్కొని వస్తడు. తల్లి మీద సూది వెట్టనిస్తవా?”

“మరి అలుగవతల పండవెడ్తవా?”

సాలమ్మ పొయ్యి వైపు నుంచి ఇటు తిరిగింది. ఆమె ముఖం నిండా చిన్నచిన్న గుంటలు. ఆమెకు పదేండ్ల వయసులో పెద్దతల్లి వేసి పోయిన గుర్తులు. ఆ గుడిసెలోకి పోయే అర్హత ఈ ఇంట్లో ఆమె ఒక్కదానికే ఉంది. ఆ సంగతి అందరికీ తెలుసు. 

జంగమ్మ తల దించుకుంది. ఆమెకు నిన్నటి పగలు కళ్ల ముందు తిరుగుతోంది.

మూడు రోజులుగా పిల్ల మెతుకు ముట్టలేదు. సల్ల అన్నం పెడితే మొహం తిప్పింది. జొన్న గట్క పెడితే ఉమ్మేసింది. నిన్న పగటేళ పెదవులు తడారిపోయి, తల్లి కొంగు పట్టుకుని ఒకటే పాట. “అమ్మా, చారు గావాలె. సుయ్‌మనె చారు.”

సుయ్‌మనే చారంటే తాలింపు వేసిన చింతపండు చారు. తల్లి ఉన్న ఇంట్లో నూనె కాగకూడదు. ఆ ఘాటు తగిలితే అమ్మవారు కోపగించి ఒంటినిండా నిప్పులు పోస్తుందని కట్టుబాటు. తల్లి అడిగింది కాదనకూడదన్నదీ కట్టుబాటే. ఈ రెండూ ఒకే గడపలో ఎదురుపడితే ఏది పక్కకు తప్పుకోవాలో పెద్దలెవరూ చెప్పి పోలేదు.

పోచమ్మ గుడికి అత్త నీళ్ల చెంబు తీసుకుని పోయిన సందు చూసుకుని, జంగమ్మ దొడ్డి వెనక కుండపెంకులో నాలుగు నిప్పులు వేసింది. ఇనుపగంటెలో చెంచాడు నూనె, చిటికెడు ఆవాలు, ఒక్క ఎండుమిరపకాయ.  సుయ్‌మన్న చప్పుడుకు తానే ఉలిక్కిపడింది. చారు ముంతను దగ్గరికి జరుపుకొని, గంటెను రాయి మీద పెట్టి ముంత మూత తీసే లోపల, వెనకనే వచ్చిన పిల్ల గంటెను అరచేత్తో పట్టుకుంది.

ఏడుపు బయటికి రాకముందే జంగమ్మ పిల్ల ముఖాన్ని రొమ్ముకు అదుముకుంది. ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాక పిల్ల గిన్నెడు చారన్నం తిన్నది. మూడు రోజుల్లో అదే మొదటి ముద్ద. తిని నిద్రపోయింది. జంగమ్మ ఆ కాలిన చేతిని ఒళ్లో పెట్టుకుని, ఏడవాలో సంతోషపడాలో తెలియక కూర్చుంది.

సాలమ్మ గుడి నుంచి వచ్చి గడపలో ఒక్క క్షణం ఆగింది. ఎవరినీ ఏమీ అడగలేదు. నిప్పుల మీద ఊదు వేసింది. ఎన్నడూ లేనంత ఊదు. ఇంట్లో మనిషికి మనిషి కనబడనంత పొగ.

ఈ ఇంట్లో తాలింపు మాట ఎవరూ తేలిగ్గా ఎత్తరు. ఇస్తారికి ముందు సాలమ్మకు ఒక కొడుకు పుట్టి మూడేండ్లకు పెద్దతల్లి పోసి పోయాడు. తల్లి ఇంట్లో ఉండగా కోడలు వంకాయ వేయించిందని సాలమ్మ అత్త వాడంతా చెప్పింది. వేయించిందో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ప్రపంచంలో ఉన్నదానికీ లేనిదానికీ ఒక కథ చెప్పగల లచ్చయ్య కూడా ఆ సంగతి మీద ఒక్క మాట చెప్పలేదు. అవునని అనలేదు, కాదని అనలేదు. ఇరవై ఆరేండ్లు.

అందుకే జంగమ్మకు నోరు పెగలడం లేదు. చెప్తే, రేపు పిల్లకు ఒక పొక్కు ఎక్కువ లేచినా అది తన తాలింపు వల్లనే. జరగరానిది జరిగితే తాను బతికినన్నాళ్లూ అత్త మోసిన పేరు మోయాలి.

చెప్పకపోతే పిల్ల అలుగు దాటాలి.

కర్ర చప్పుడు మళ్లీ వాకిట్లోకి వచ్చింది. ఈసారి గౌరయ్య వెనక ఇద్దరు మనుషులు, వాళ్ల భుజాల మీద ఒక నులకమంచం.

“ఏమనుకున్నరు?”

“చిన్నాయినా, ఒక్క దినం ఆగు. మేడ్చల్ పోయొస్త,” అన్నాడు ఇస్తారి.

“నువ్వు పోయి వచ్చె వరకు పొద్దుగూకుతది కొడకా. వచ్చేటాయన వస్తడో రాడో. రాత్రికి ఇంకో ఇంట్ల ఎవరికన్న సోకితె నువ్వు జవాబు చెప్తవా?”

జంగమ్మ పిల్లను బొంతతో పాటే గడప దాకా జరుపుకొచ్చింది. పిల్ల గుప్పిట తెరిచి ఎండలోకి చాపింది. అరచేతి నడుమ రేగుపండంత బుగ్గ. దాని చుట్టూ ఎర్రగా కమిలిన చర్మం. మంచం మోస్తున్న ఇద్దరూ రెండడుగులు వెనక్కి వేశారు.

“ఇది పొక్కు గాదు సిన్నమామా. కాలింది.”

“దేనికి కాలింది?”

వాకిట్లో కోడి ఒకటి గింజల కోసం నేల గీరుతోంది. 

“తాలింపు గంటెకు.”

“ఏమన్నవే?” ఇస్తారి చెయ్యి లేచింది. తల్లి ఉన్న ఇంట్లో చెయ్యి చేసుకోకూడదు. లేచిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పెరటి గుమ్మం పట్టుకున్నాడు.

“పోరి మూడొద్దులాయె తినక. అడిగింది. జేసిన. దొడ్డెనక జేసిన. నన్నేమన్న అనుండ్రి. పోరిని మాత్రం తీస్కపోకుండ్రి.”

గౌరయ్య చాలాసేపు ఆ అరచేతిని చూశాడు.

“బిడ్డా, నీ కడుపుకోత నాకు సమజైతది. కన్నోళ్లు బిడ్డను దాచిపెట్టుకోనీకె ఎన్నైన చెప్తరు. నిన్న శివమ్మ అడిగితె ఏం లేదంటివి. ఇయ్యాల కాలిందంటున్నవు. నేను దేన్ని నమ్మాలె?” అతను లోపలికి చూశాడు. “వదినా, ఇంట్ల నువ్వుంటివి. తాలింపు వాసన దాస్తె దాగేది గాదు. నీకొచ్చిందా?”

అందరూ సాలమ్మ వైపు తిరిగారు.

సాలమ్మ పొయ్యిలో బూడిదను పుల్లతో ఒక పక్కకు చేరదీసింది. మళ్లీ రెండో పక్కకు చేరదీసింది.

“తాలింపేసింది నేను,” అంది.

జంగమ్మకు నిన్నటి ఊదు పొగ అప్పుడు అర్థమైంది.

“అత్తా...”

“నువ్వూకో పిల్లా. గా పేరు నాకు పాతదే. ఇంకోపారి పిలిస్తె కొత్తగ పోయేదేమున్నది?”

లచ్చయ్య భార్య ముఖంలోకి చూశాడు. ఏదో అనబోయాడు. ఇరవై ఆరేండ్ల కింద అనవలసిన మాటే అయి ఉంటుంది. 

“అవ్వ గాదు.”

అన్నది మైసి.

“అవ్వ గాదు. అమ్మ ఏసింది. సుయ్‌మనె చారు.” పిల్ల కాలిన చేతిని ముఖానికి దగ్గరగా పెట్టుకుని ఊదుకుంది. “మస్తుగుండె.”

ఎవరూ నవ్వలేదు. గౌరయ్య కర్ర నేల మీద పడుకోబెట్టి రెండు చేతులూ జోడించాడు.

“తల్లి పలికింది.”

వెనక ఇద్దరూ మంచం దించి దండాలు పెట్టారు. జంగమ్మకు గుండె మీది బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. కాలిందని అమ్మవారే చెప్పింది. ఇక పెద్దతల్లి మాట లేదు, గుడిసె మాట లేదు.

గౌరయ్య చేతులు మాత్రం దింపలేదు.

“తల్లీ, తప్పు జరిగింది. నూనె కాగిన ఇంట్ల నిన్ను ఉండుమనే ముఖం మాకు లేదు. ఈడుంటవా, ఇంకేడికన్న పోతవా? నువ్వే చెప్పు. నీ నోట ఎట్లొస్తె గట్ల జేస్తం.”

జంగమ్మ గబుక్కున పిల్ల చెవి దగ్గరికి వంగింది. “ఈడ్నే ఉంటనను బిడ్డా, ఈడ్నే...”

“తల్లికి మాట అందియ్యొద్దు!” గద్దించాడు గౌరయ్య.

మైసి అందరినీ చూసింది. అవ్వను చూసింది. తాతను చూసి, ఎంతో తెలివైన పని చేస్తున్నదానిలా కళ్లు మెరిపించింది.

“అలుగు కాడికి పోత.”

లచ్చయ్య లేవబోయి తూలి గోడ పట్టుకున్నాడు.

“అది తల్లి మాట గాదు తమ్మీ! గది నా చాప ముచ్చట! పోరి గోక్కోకుండ జేసిన కత. చాప లేదు, నత్తు లేదు. అంత అబద్ధం తమ్మీ, నా నోట్ల పుట్టిన అబద్ధం!”

“లచ్చన్నా,” అన్నాడు గౌరయ్య. “నలభై ఏండ్ల సంది చెప్పబడ్తివి గా ముచ్చట. అబద్ధమన్నందుకు నా తోటి ఆర్నెల్లు మాట్లాడకపోతివి. నేను గూడ పోరనప్పుడు మడుగు కాడ ఎన్ని దినాలు కూసుంటినో నీకెర్కనా? ఇయ్యాలనా ఒప్పుకునేది? తల్లి నోట మాట వచ్చినంక?”

“నీ కాళ్లు మొక్కుత...”

“నాకు మొక్కకు. నేనెవర్ని?”

మైసి బొంత మీద నుంచి లేచి నిలబడింది. అయిదు రోజుల్లో అంత హుషారుగా లేవడం ఇదే. సన్నని చేతులు రెండూ తాత ముందుకు చాపి, ఇటు తిప్పి, అటు తిప్పి చూపించింది.

“సూడు తాతా. ఒక్క గీత గూడ లేదు. ఇగ పోదాం పా.”

లచ్చయ్య తువాలు నోట్లో కుక్కుకున్నాడు.

జంగమ్మ పోయి గడప మీద, వేపమండల మీదనే, రెండు చేతులూ రెండు పక్కల గుమ్మాలకు ఆనించి కూర్చుంది. సాలమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి, దండెం మీది తన ముతక చీర తీసి మడత పెట్టసాగింది. అలుగవతలికి పోవడానికో, మరెందుకో ఎవరూ అడగలేదు.

“ఇస్తారీ,” అన్నాడు గౌరయ్య మెల్లగా, కర్ర చేతికి తీసుకుంటూ. “నీ పెండ్లాన్ని నువ్వు లేపుతవా, నన్ను లేపుమంటవా?”

ఇస్తారి పెరటి గుమ్మం వదిలి కదిలాడు. వెనక నుంచి వస్తున్న ఆ అడుగులు తన పక్కన కూర్చోవడానికి వస్తున్నాయో, తనను లేపడానికి వస్తున్నాయో జంగమ్మకు తెలియలేదు. ఆమె తల తిప్పి చూడలేదు. గుమ్మాలను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.